ఇసుక ఊదిన మునినారాయణప్ప

మా షెడ్డుకు రెండు తలల బండి వచ్చిన రోజు నేనూ మునినారాయణప్పా దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందేదో వెనకేదో తేల్చుకోలేక నిలబడిపోయాం. అంతకుముందు మేం ఎరిగిన డీజిల్ ఇంజన్లకు డ్రైవరు గది ఒక్కటే ఉండేది. ఒకవైపు పొట్టి ముక్కు, ఇంకోవైపు పొడుగాటి ఒళ్లు. పొడుగు వైపు ముందుగా పోవలసి వస్తే డ్రైవరు కిటికీలోంచి మెడ చాపి సిగ్నలు చూసుకోవాలి. అట్లా చాపీ చాపీ మా డ్రైవర్లలో ఒకాయన మెడ జానెడు పెరిగిందనీ, దర్జీ ఆయన కాలరుకు వేరే గుడ్డ తెమ్మన్నాడనీ నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

ఈ బండికి ఆ బాధ లేదు. రెండు కొసలా రెండు గదులు, రెండు వాలు ముక్కులు, నీలం రంగు మీద మీగడ రంగు పట్టీ. ప్రయాణికుల బండ్లను వడిగా లాగడానికని ప్రత్యేకంగా గీసి కట్టిన ఇంజను. సరుకు బండ్ల ఇంజన్లకు ఆరు ఇరుసులుంటే దీనికి నాలుగే. బరువు తగ్గితే పరుగు పెరుగుతుందని గీసినవాళ్ల ఆలోచన. ఊరు చేరాక ఇంజన్ను తిప్పే పని లేదు. డ్రైవరు తన సంచీ పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి నడిస్తే సరిపోతుంది. దేశం మొత్తానికి ఏడంటే ఏడే కట్టారు. అందులో రెండు మా పాలబడ్డాయి.

ఏడుతోనే ఎందుకు ఆపేశారంటే, చినుకు పడితే అది జారేది.

రైలు చక్రమూ ఇనుమే, పట్టా కూడా ఇనుమే. తడిస్తే పట్టు తప్పుతుంది. అందుకని ప్రతి ఇంజన్లోనూ ఇసుక పెట్టెలుంటాయి. చక్రం జారుతోందనిపిస్తే డ్రైవరు మీట నొక్కుతాడు. గాలి తోసుకొచ్చి ఇసుకను గొట్టంలోంచి చక్రం ముందు పట్టా మీద పోస్తుంది. మన బండిలో రెండో గదికి చోటు చేయడం కోసం ఆ పెట్టెల్ని లోపలికి నెట్టారు. దాంతో గొట్టం పొడుగై, రెండు చోట్ల మోచేయిలా మడత పడింది. ఇసుక సగం మడతల్లో ఇరుక్కునేది. మిగతా సగం దారి వంపు తిరిగే చోట పట్టా మీద పడక పక్కన కంకరలో పడేది. పద్దెనిమిది రైలు పెట్టెలు తగిలించుకుని మద్రాసు వైపు నుంచి వస్తూ కుప్పం ఎక్కుడులో, పట్టాలు మిట్టకు పోయే చోట, సన్నటి తుంపర తగిలిందంటే, బండి నిలబడ్డ చోటే చక్రాలు గిర్రున తిరిగేవి. ఇంకో ఇంజను వచ్చి వెనక నుంచి నెట్టాల్సిందే. అప్పుడు డ్రైవర్లు దానికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

దాన్ని బాగు చేసినవాడు మునినారాయణప్ప.

ఆయన ఫిట్టరు కూడా కాదు, ఇసుక కొట్టంలో ఖలాసీ. మాలూరు పక్క పల్లె. బడి మొహం చూడలేదు, సంతకం మాత్రం నేర్చుకున్నాడు. తడి ఇసుకను ఇనప పొయ్యి మీద వేయించడం, జల్లించడం, బకెట్లతో మోసి ఇంజను పెట్టెల్లో నింపడం, ఇదీ ఆయన పని. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడి ఉండేవి. ఇసుకప్పా అని పిలిస్తేనే పలికేవాడు. ఆ వానాకాలం ఆయన ఎవర్నీ అడక్కుండా ఇంజను కింద దూరి, గొట్టాన్ని విప్పి, ఒక మడతను కోసేసి, మంటతో ఎర్రగా కాల్చి వంచాడు. కొసను సుత్తితో బాతు ముక్కులాగా చదును చేశాడు. దాన్ని పట్టాకు రెండు వేళ్ల ఎత్తులో చక్రం వైపు వాల్చి బిగించాడు. ఇసుకను రెండుసార్లు వేయించి, ఇంట్లో పెళ్లాం పిండి జల్లించుకునే జల్లెడ తెచ్చి దాంతో జల్లించాడు. మరుసటి వానకు బండి పద్దెనిమిది పెట్టెల్నీ లాక్కుని కుప్పం ఎక్కుడు ఒక్క దమ్ములో ఎక్కేసింది. పై ఆఫీసరు వంగి గొట్టాన్ని చూసి, ఇంకో ఇంజనుకూ ఇట్లాగే చేయండి అన్నాడు. అది ఒక ఆర్డరు నంబరై ఫైల్లోకి పోయింది. మునినారాయణప్పకు ఒక పూట సెలవిచ్చారు.

ఇది నిజం. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. దీన్ని ఇదే తీరులో ఒకసారి చెప్పి ఉంటే సరిపోయేది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పాక ఎవరైనా కథ మొదలుపెడితే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పకూడదు. చప్పగా చెప్పినవాణ్ణి, ‘ఏం, ఇంట్లో ఉప్పు అయిపోయిందా’ అని గేలి చేస్తారు. ఎవరైనా ఒక మాట ఎగదోస్తే చెప్పేవాడు దాన్ని అందుకుని ఇంకో మెట్టు ఎక్కాలే గాని దిగకూడదు. బాగా ఎక్కితే అందరూ డబ్బా మూతలు నేలకేసి కొడతారు. ఆ మూతల చప్పుడు నాకెంత ఇష్టమో చెప్పలేను. అందరికన్నా గట్టిగా కొట్టేవాడు మునినారాయణప్పే.

మేమిద్దరం రిటైరై చాలా ఏళ్లయింది. డీజిళ్లు పోయి షెడ్డంతా కరెంటు ఇంజన్లయ్యాయి. ఏడింట్లో ఆరు తుక్కు కింద కోసేశారు. మిగిలిన ఒక్క రెండు తలల బండినీ షెడ్డు గేటు ముందర దిమ్మె కట్టి నిలబెడతారనీ, దాని చరిత్ర బోర్డు మీద రాస్తారనీ, చిన్న పుస్తకం కూడా వేస్తారనీ తెలిసింది. ఆ మాట విన్న రెండో రోజే మునినారాయణప్ప పెళ్లాం సొన్నమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని కె.ఆర్.పురంలో మా ఇంటికి వచ్చింది.

మునినారాయణప్పకు మూడేళ్ల కిందట గొంతులో పుండు లేచి, గొంతే తీసేశారు. మెడ కింద అర్ధరూపాయంత చిల్లు, ఊపిరంతా దాంట్లోంచే. దాని మీద పసిపిల్లలకు కట్టినట్టు తెల్లగుడ్డ వేలాడుతుంటుంది. మాట లేదు.

“ఏమప్పా జయరామప్పా, ఇంజన్ను నిలబెట్టి బోర్డు రాస్తారంట, నిజమేనా?” అంది సొన్నమ్మ.

“నిజమే వదినా. రంగు కూడా పూస్తా ఉండారు.”

“ఆ గొట్టం వంచింది ఈయప్పే అని రాస్తారా దాంట్లో?”

“చెప్తే రాస్తారు.”

“చెప్పేదానికి ఈయప్పకు నోరేడుండాది? నువ్వే చెప్పల్ల. ముప్పైనాలుగేండ్లు ఆ దుమ్ములో చేసినాడు. హాజరు పట్టీలో తప్ప ఈయప్ప పేరు ఇంకేడా లేదు. ఈ మాట విన్నప్పట్నుంచి నిద్ర లేదు, కూడు లేదు. ఊరికే అరచేతిలో సంతకం గీసుకుంటా కూసుంటాడు.”

మునినారాయణప్ప నా మోకాలి మీద చెయ్యి పెట్టి, నిజమే అన్నట్టు తలూపాడు.

“చెప్తాలే వదినా, బేజారు పడొద్దు.”

“ఉండేది ఉండేట్టు చెప్పు. నీ మసాలా వద్దు.”

“మసాలా అంటే ఏమో నాకు గొత్తే లేదు, తెలీనే తెలీదు.”

ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వడం ఆయనకు అప్పటికి అలవాటైపోయింది.

బోర్డు రాసే పని నళిని అనే అమ్మాయికి ఇచ్చారు. రికార్డులన్నీ చదివి వచ్చిన మనిషి. ఇంజను ఎన్ని టన్నులో, ఎంత వేగానికి గీశారో ఆమెకు నోటికి వచ్చు. షెడ్డులోకి ఇద్దరికే పాసులిచ్చారు, నాకూ ఆయనకూ. సొన్నమ్మ గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చుంది. నళినికి పాపం మా ఆనవాయితీ తెలియదు. అందరూ తీరికగా ఉంటారని మధ్యాహ్నం భోజనం వేళే పెట్టుకుంది, ఇంజను పక్కనే. అప్పటికే ఇరవై మంది డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరారు. వాళ్లలో మస్తాన్ ఒకడు. కరెంటు ఫిట్టరు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆ ఆనవాయితీ కూడా నా దగ్గరే.

“సార్, రికార్డింగ్ ఆన్ చేసినాను. శాండ్ పైపు మాడిఫికేషన్ గురించి చెప్పండి. ఫైల్లో ఆర్డరు ఉంది గాని చేసింది ఎవరో పేరు లేదు,” అంది నళిని.

నేను చెప్పడం మొదలుపెట్టాను. దేవుడి సాక్షిగా మొదటి అయిదు నిమిషాలూ సూటిగానే చెప్పాను. ఇసుక పెట్టె ఎక్కడ ఉండేదో, గొట్టం ఎక్కడ మడత పడిందో చెప్పాను. నళిని గబగబా రాసుకుంటోంది. మునినారాయణప్ప నా పక్కన చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. కళ్లు ఆమె కలం మీదే ఉన్నాయి.

మస్తాన్ ఆవులించాడు. “అంతేనా జయరామప్పా? మీ ఇంట్లో ఉప్పు అయిపోయిందా?”

నలుగురు నవ్వారు. వెనక ఎవరో మూత మీద వేలితో టక్కుమని కొట్టారు.

ఆ టక్కు నా ఒంట్లో ఎక్కడ తగిలిందో ఏమో. “ఇసుకను రెండుసార్లు వేయించాడు” అనవలసింది, “ఏడుసార్లు వేయించినాడు మేడం, అది పేలాల మాదిరి పేలింది” అన్నాను. మూతలు రెండు మోగాయి. మునినారాయణప్ప కూడా నవ్వాడు. జల్లెడ దగ్గరికి వచ్చేసరికి, ఆ జల్లెడలో మిగిలిన ఇసుకతో సొన్నమ్మ చపాతీలు చేసిందనీ, తిన్న డ్రైవరు మూడు రోజులు ఎక్కడా జారలేదనీ అన్నాను. మూతలు పది మోగాయి. ఈసారి మునినారాయణప్ప నవ్వలేదు. నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు.

“గాలి పంపు పని చేయకపోతే ఏం చేస్తిరి అన్నా?” అని ఎగదోశాడు మస్తాన్.

“ఆ కథే చెప్పబోతా ఉండా. ఒక దినం ఎక్కుడు మధ్యలో గాలి పంపు ఆగిపోయ. వెనక పద్దెనిమిది పెట్టెలు, పెట్టెల నిండా జనం. ఈ మహానుభావుడు ఇంజను ముక్కు మీద బోర్లా పండుకుని, రెండు చేతుల్లో ఇసుక పట్టుకుని, నోటితో ఊదినాడు మేడం. జోలారుపేట నుంచి కుప్పం దాకా! ఊదీ ఊదీ గొంతు అరిగి చిల్లు పడె. కావాలంటే చూడండి, ఇప్పటికీ ఉండాది.”

అని ఆయన మెడ మీది గుడ్డ వైపు చెయ్యి చూపించాను.

ఇరవై మూతలూ ఒక్కసారి మోగాయి. షెడ్డు రేకులు అదిరాయి. ముప్పై ఏళ్లలో నాకు అంత పెద్ద చప్పుడు దొరకలేదు.

నళిని రాయడం ఆపేసి చాలాసేపయిందని అప్పుడు చూశాను. ఆమె కలానికి మూత పెట్టి, నవ్వుతూనే అడిగింది. “సార్, చాలా బాగా చెప్పినారు. నిజంగా పైపు వంచింది ఎవరు? ఈ సారేనా?”

ఔననే ఒక్క మాట చాలు. నా చుట్టూ ఇరవై మంది నోళ్లు తెరుచుకుని తర్వాతి మెట్టు కోసం చూస్తున్నారు. దిగకూడదు కదా.

“ఆయన్నే అడగండి మేడం,” అన్నాను. “అబద్ధమైతే కాదని చెప్తాడు.”

ఆ నవ్వులో ఒకడికి అన్నం పొలమారింది.

మునినారాయణప్ప నా చొక్కా వదిలేశాడు. నళిని ఎదుటికి పోయి, రమ్మని చెయ్యి ఊపి, ఇంజను పక్కన మోకాళ్లు వంచి కూర్చున్నాడు. తర్వాత చేతులు నేలకు ఆనించి పాకుతూ ముందు చక్రం దగ్గరికి పోయాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. గొట్టం చూపిస్తే చాలని ఆయన ఆశ. బాతు ముక్కు కొస మీద ఆయన సుత్తి దెబ్బలు ఉంటాయి, వాటిని ఎవరూ కాదనలేరు. కాని రంగు వేసేవాళ్లు కిందికి వేలాడేవన్నీ తీసి తుక్కులో వేశారు. అక్కడ బిగింపు పట్టీ ఒక్కటే మిగిలింది. ఆయన ఆ పట్టీ కింద ఖాళీలో వేలు పెట్టి, గాల్లో గొట్టం వంపు గీశాడు. ఒకసారి గీసి నళిని వైపు చూశాడు. మళ్లీ గీశాడు. అరచేతిని చదును చేసి బాతు ముక్కు చూపించాడు.

నళిని వంగి చూసింది. “ఏమంటున్నారు సార్?” అని నన్నడిగింది.

“వంచీ వంచీ వేలు కూడా వంకర పోయిందంటా ఉండాడు,” అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పలేను. నోట్లోకి వచ్చింది, బాగుంది, అనేశాను. మూతలు మోగాయి.

గీకిన తుప్పు, పాత రంగుల పొడి అక్కడ బూడిదలా పరుచుకుని ఉంది. అది ఆయన మెడ చిల్లులోకి పోయినట్టుంది. కింద నుంచే దగ్గు మొదలైంది. నోరు మూసుకున్న మనిషి మెడలోంచి దగ్గడం కొత్తవాళ్లు చూడలేరు. నళిని రెండడుగులు వెనక్కి వేసింది. మస్తానూ ఇంకొకడూ కాళ్లు పట్టి బయటికి లాగారు. గుడ్డ నల్లబడింది.

గేటు దగ్గర సొన్నమ్మ లేచి వచ్చింది. “చెప్పినావా?”

“చెప్పినా.”

“అంతా చెప్పినావా?”

“దానికంటే ఎక్కువే చెప్పినా.”

ఆమె మొగుడి ముఖం చూసింది. తర్వాత నా ముఖం చూసింది. కొంగుతో ఆయన మెడ తుడిచి, ఆటో పిలుచుకుని ఎక్కించింది. నన్ను ఎక్కమనలేదు.

పది రోజులు పోయాక నేనే బస్సెక్కి ఊళ్లో నళిని ఆఫీసుకు పోయాను. ఆమె కుర్చీ వేసి, కాఫీ తెప్పించింది. ఒక్క మాట కలపకుండా మొత్తం చెప్పాను. పట్టాకు రెండు వేళ్ల ఎత్తు, ఒక మడత కోత, రెండు వేయింపులు, ఒక పూట సెలవు. చెబుతుంటే నాకే చప్పగా అనిపించింది.

“సార్, ఆ రోజు ఏడుసార్లు వేయించినారు అన్నారు,” అంది నళిని.

“అది అబద్ధం తల్లీ. ఇది నిజం.”

ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టి నా గొంతు నాకే వినిపించింది. జోలారుపేట నుంచి కుప్పం దాకా. మూతలు. ఆయన్నే అడగండి మేడం. మళ్లీ మూతలు. ఆ చప్పుడు వింటుంటే, సిగ్గుతో పాటు ఇంకోటి కూడా కలిగింది. బాగా చెప్పానే అనిపించింది. అది కూడా రాస్తున్నాను, దాచడం లేదు.

“దీన్ని పెట్టుకుని నేను బోర్డు మీద పేరెట్లా రాసేది సార్? రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించేది?”

“సొన్నమ్మను అడుగు. ఆయమ్మకు అంతా తెలుసు.”

“ఆమె భార్య కదా సార్.” నళిని నా చేతి మీద చెయ్యి వేసింది. మంచి పిల్ల. “మీరు బాధపడొద్దు. ఆయన పేరు వదిలిపెట్టను. పుస్తకంలో వస్తుంది, ప్రామిస్.”

ఆ మాటే నేను పోయి సొన్నమ్మకు చెప్పాను. ఆమె లోపలికి పోయి మొగుడికి చెప్పింది. ఆయన ఆ రోజు రెండు ముద్దలు తిన్నాడట.

ఇంజన్ను ఆవిష్కరించిన పొద్దున ఎండ బాగా కాసింది. దిమ్మె మీద కంకర పరిచి, పట్టాల మధ్య అందం కోసం ఇసుక పోశారు. రెండు ముక్కులకూ చేమంతి దండలు, పసుపు, కుంకుమ. బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. మునినారాయణప్ప ఇస్త్రీ చొక్కా, కొత్త మెడగుడ్డ వేసుకుని వచ్చాడు. తెర తీయగానే ముందుకు పోయి బోర్డు మీద వేలు పెట్టి, ఒక్కో వరుసా కింది దాకా తడుముకుంటూ వెతికాడు. చదవలేడు గాని, తన సంతకంలో ఉండే అక్షరాలు ఎక్కడున్నా పోల్చగలడు. బోర్డు మీద ఉన్నదల్లా ‘తడిలో చక్రాలు జారే లోపాన్ని షెడ్డు సిబ్బంది సవరించారు’ అని.

ఆయన నా వైపు తిరిగాడు. నేను చేతిలోని పుస్తకం చూపించి, దీంట్లో అన్నట్టు తలూపాను.

చివరి పేజీలో ఉంది. పైన ‘షెడ్డు కబుర్లు, కల్పనలు’ అని శీర్షిక. దాని కింద పెద్ద అక్షరాలతో ‘ఇసుక ఊదిన మునినారాయణప్ప’. ఆయన ఆ పేరు పోల్చాడు. వేలితో మొదటి అక్షరం నుంచి చివరి దాకా రాసి చూసుకున్నాడు. ముఖం విచ్చుకుంది. సొన్నమ్మ భుజం తట్టి చూపించాడు. సొన్నమ్మ పేరు చూడలేదు, దాని కింది బొమ్మ చూసింది. ఇంజను ముక్కు మీద బోర్లా పడుకుని, బుగ్గలు బూరెల్లా పొంగించి ఊదుతున్న మనిషి. మెడలో చిల్లు.

ఆమె బొమ్మ మీద అరచెయ్యి కప్పింది. ఆయన ఆ చేతిని మెల్లగా తీసి, బొమ్మను చాలాసేపు చూశాడు.

అంతలో ఇద్దరు కాలేజీ పిల్లలు పుస్తకం పట్టుకుని వచ్చారు. ఇంజన్ల ఫొటోలు తీసుకుంటూ ఊళ్లు తిరిగే రకం. “తాతా, ఈ మునినారాయణప్ప మీరేనంట? నిజంగా ఊదినారా?”

“అది నేను చెప్పిన అబద్ధం నాయనా,” అన్నాను నేను. “ఈయన గొట్టం వంచినాడు. అంతే.”

వాళ్లు ఫక్కున నవ్వారు. “మీరే కదా జయరామప్ప! పుస్తకంలో రాసినారు, ఈయన చెప్పేది ఏదీ నమ్మొద్దని.” ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. “తాతా, ఒక్కసారి ఊది చూపించండి. వీడియో తీసుకుంటాం.”

“వద్దయ్యో, రా ఇంటికి పోదాం,” అంది సొన్నమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని.

మునినారాయణప్ప ఆ చెయ్యి విడిపించుకున్నాడు. వంగి పట్టాల మధ్య నుంచి చిటికెడు ఇసుక తీసి అరచేతిలో పోసుకున్నాడు. నోటితో ఊదడానికి ఆయన నోట్లో గాలి లేదు. అందుకని రెండో చేత్తో మెడగుడ్డ పైకెత్తి, అరచేతిని ఆ చిల్లు ముందర పెట్టి, పొట్ట బిగించి ఊదాడు. ఇసుక కొత్త నీలం రంగు మీద చిట్లింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో ఆయన మొహం తిప్పి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోవడానికి లేకుండా చూశాడు. ఆ తర్వాత ఊపిరి లోపలికి పీల్చుకోక తప్పలేదు. మిగిలిన ఇసుక దాంతో పాటే లోపలికి పోయింది. దగ్గు మొదలైంది.

“సారీ తాతా, సరిగ్గా పడలేదు. ఇంకొక్కసారి,” అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

దగ్గు ఆగేదాకా వాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. ఆగింది. మునినారాయణప్ప వంగి ఇంకో చిటికెడు ఇసుక తీసుకున్నాడు.